బహిరంగ విచారణ: అనంత కరువు సీమలో సామాజిక తనిఖీ

ప్రభుత్వం చేసిన పనినీ, చేయకుండా వదిలేసిన పనినీ జనం ఎదుట పరిశీలించి, బాధ్యుల చేత జవాబు చెప్పించే ఏర్పాటే బహిరంగ విచారణ. మన దేశంలో దీనికి ప్రధానంగా రెండు రూపాలున్నాయి. మొదటిది 1952 నాటి విచారణ సంఘాల చట్టం కింద ప్రభుత్వం వేసే కమిషన్. సాధారణంగా ఒక న్యాయమూర్తో, విశ్రాంత న్యాయమూర్తో దానికి అధ్యక్షత వహిస్తారు. రెండోది 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ నుంచి పుట్టిన సామాజిక తనిఖీ. ఊళ్లలో రికార్డులు సరిచూశాక మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికతో అది ముగుస్తుంది. మొదటిదానికి సమన్లు పంపే అధికారం, గెజిట్ గౌరవం, పత్రికల్లో పతాక శీర్షికలు ఉంటాయి. రెండోదానికి ఒక షామియానా, ఒక మైకు, కట్టలు కట్టిన మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) మాత్రమే ఉంటాయి. అయినా ప్రభుత్వం చేత జవాబు చెప్పించడం ఎలాగో మనకు ఎక్కువగా నేర్పింది రెండోదేనని నా వాదన. విచారణకు అసలు బలం పీఠం మీద కూర్చున్నవారి హోదా నుంచి రాదు. సర్కారు కాగితాన్ని, ఆ కాగితంలో పేరున్న మనిషి ఎదుటే పైకి చదవడం నుంచి వస్తుంది. చదివాక గడువు పెట్టి చర్య తీసుకోకపోతే ఆ బలం సగంలోనే ఆగిపోతుంది. ఈ రెండింటికీ రుజువులు అనంతపురం కరువు నేలలోనే దొరుకుతాయి.

చిత్రావతి ఒడ్డున ఉన్న గోరంట్ల, అనంతపురం జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా గీత మారినా వాన మారలేదు. పడమటి కనుమల చాటున ఉన్నందువల్ల నైరుతి మేఘం బలం కోల్పోయి ఇక్కడికి చేరుతుంది. ఈశాన్య రుతుపవనం తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది చిన్న రైతుకూ కూలికీ మిగిలే దారులు రెండే: బెంగళూరు బస్సు ఎక్కడం, లేదా కరువు పనికి పోవడం. ఉపాధి హామీ పనికి ఇక్కడి జనం నోట ఉన్న పేరు కరువు పనే. అలాంటి చోట ప్రభుత్వం అంటే రాజధానిలోని భవనం కాదు. పార కొలత వేసేవారు, మస్టరులో పేరు ఎక్కించేవారు, కూలి డబ్బు చెల్లించేవారు - వీళ్లే ప్రభుత్వం. వీళ్లలో ఒకరు తప్పు రాస్తే ఒక ఇంట్లో వారం రోజుల జొన్నలకూ బియ్యానికీ లోటు పడుతుంది. ప్రభుత్వాన్ని అడగడం అనే పని నగరంలో రాజకీయ చర్చగా కనిపించవచ్చు. ఈ పీఠభూమి మీద అది కడుపుకు సంబంధించిన లెక్క. అందుకే విచారణ పద్ధతుల మంచిచెడ్డలు తూచడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.

ఈ నేల మీద ప్రభుత్వం తన పనిని తాను విచారించుకున్న తొలి పెద్ద సందర్భం 1876-78 నాటి ధాత కరువు తర్వాత వచ్చింది. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లోగానీ వేరు పడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఆ కరువుకు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించమని పై నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి డబ్బు చాలని తేల్చాడు. మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ ఆ కూలితో మనిషి బతకడని లెక్కలతో ఎదురు నిలిచాడు. 1878లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన వేసిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. కరువులో ప్రజలను ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని అది ఒప్పుకుంది. కరువు నియమావళులు దాని నుంచే పుట్టాయి. అది చిన్న ఫలితం కాదు. తర్వాతి కాలంలో ఎక్కడ పని తెరవాలో, ఎవరికి ఊరకే గంజి పోయాలో రాసిపెట్టిన నిబంధనలు అనేక ప్రాణాలు కాపాడాయి. కానీ ఆ విచారణలో మాట్లాడింది ప్రధానంగా అధికారులే. రాళ్లు కొట్టినవారు అంకెలుగా కనిపిస్తారుగానీ సాక్షులుగా కనిపించరు. దాంతో విధానం మెరుగుపడింది. ఫలానా చోట, ఫలానా శిబిరంలో కూలి ఎవరు తిన్నారన్న ప్రశ్నకు జవాబు రాలేదు. విచారణ చేసే రెండు పనులను ఇక్కడే వేరుచేసి చూడాలి. జరిగినదాని నుంచి నేర్చుకోవడం ఒకటి, జరిగినదానికి బాధ్యుణ్ని నిలబెట్టడం మరొకటి. మొదటిది మూసిన గదిలోనూ సాధ్యమే. రెండోది సాధ్యం కాదు.

స్వతంత్ర భారతంలో కమిషన్లకు పునాది 1952 చట్టం. ప్రజలకు ముఖ్యమైన ఏ విషయం మీదనైనా కేంద్రమో రాష్ట్రమో కమిషన్ వేయవచ్చు. పార్లమెంటు రెండు సభలూ గానీ, రాష్ట్ర చట్టసభ గానీ తీర్మానిస్తే వేసి తీరాలి. సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించడం, కార్యాలయాల నుంచి దస్త్రాలు తెప్పించడం వంటి సివిల్ కోర్టు అధికారాలు కమిషన్‌కు ఉంటాయి. ఎవరి పేరు దెబ్బతినే అవకాశం ఉందో వారికి ముందే నోటీసు ఇచ్చి, వారి వాదన వినాలని 8బీ సెక్షన్ చెబుతుంది. ఇంత చేసినా కమిషన్ తీర్పు చెప్పదు, శిక్ష వేయదు. రామకృష్ణ దాల్మియా కేసులో 1958లోనే సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది: కమిషన్ మాట సిఫారసు మాత్రమే, దానంతట అది అమలయ్యేది కాదు. ఈ లోటు పూడ్చడానికి 1971లో ఒక సవరణ వచ్చింది. నివేదిక అందిన ఆరు నెలల్లోపు, ఏం చర్య తీసుకున్నారో చెప్పే పత్రంతో కలిపి దాన్ని చట్టసభ ముందు పెట్టాలి. 1986లో ఇందిరాగాంధీ హత్యపై ఠక్కర్ కమిషన్ నివేదిక విషయంలో, సభకు ఇవ్వకుండా ఆపుకొనే వెసులుబాటును ప్రభుత్వం చట్టంలోకి తెచ్చుకుంది. 1990లో ఆ సవరణను తీసేశారు. ఆ నాలుగేళ్ల కథ ఒక్కటే చాలు, పాలకులు కమిషన్‌లో దేనికి భయపడతారో తెలియడానికి. వారి భయం న్యాయమూర్తి గురించి కాదు, నివేదికను నలుగురూ చదవడం గురించి.

బహిరంగత విచారణకు అలంకారమా, ప్రాణమా అన్నది మూడు ఉదాహరణలతో తేలుతుంది. 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలాబాగ్ కాల్పులపై వేసిన హంటర్ కమిటీ తెల్ల ప్రభుత్వం వేసిందే, సభ్యుల్లో ఎక్కువమంది వారే. అయినా చిమన్‌లాల్ సెతల్వాద్ ప్రశ్నలకు జనరల్ డయ్యర్ ఇచ్చిన సమాధానాలు అందరికీ తెలిశాయి. సాయుధ శకటాలు బాగ్‌లోకి వెళ్లే సందులో పట్టి ఉంటే మరతుపాకులు కూడా వాడేవాడినని అతడే ఒప్పుకున్నాడు. కమిటీలోని ముగ్గురు భారతీయులు వేరే నివేదిక రాశారు. డయ్యర్ మీద కేసు నడవలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. సామ్రాజ్యం నైతికంగా కోల్పోయింది అంతకన్నా చాలా ఎక్కువ. రెండోది 1958 నాటి ముంద్రా వ్యవహారం. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలు కొన్న తీరును ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేవనెత్తాడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా విచారణను పూర్తిగా జనం ఎదుట, వారాల వ్యవధిలో ముగించాడు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి ఆ ఫిబ్రవరిలోనే రాజీనామా చేశాడు. మూడోది మన రాష్ట్రానిదే, వీటికి పూర్తిగా ఎదురైనది. ఎమర్జెన్సీ కాలంలో ఎన్‌కౌంటర్ల పేరుతో జరిగిన కాల్పులపై 1977లో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ ఏర్పడింది. తార్కుండే నాయకత్వంలోని పౌరహక్కుల కమిటీ గిరాయిపల్లి వంటి ఘటనల మీద అప్పటికే సాక్ష్యాలు సేకరించి ఉంది. విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కమిటీ తప్పుకుంది, కమిషన్ నివేదిక ఇవ్వకుండానే ముగిసిపోయింది. మూడింటిలోనూ పీఠం మీద పెద్దలే ఉన్నారు. తేడా తెచ్చింది తలుపే.

తలుపు తీసినంత మాత్రాన సరిపోదన్న మాట కూడా నిజమే. కమిషన్‌ను వేసేది ప్రభుత్వం, అంశాలు రాసేది ప్రభుత్వం, అధ్యక్షుణ్ని ఎంచేదీ ప్రభుత్వమే. 1972లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలో సైన్యం 13 మందిని కాల్చి చంపితే, లార్డ్ విడ్జరీ కొన్ని వారాల్లో నివేదిక ఇచ్చి సైన్యాన్ని దాదాపు నిర్దోషిగా నిలిపాడు. ఆ నివేదికను సరిచేయడానికి 1998లో సావిల్ విచారణ మొదలై 2010లోగానీ పూర్తి కాలేదు. చనిపోయినవారు నిరపరాధులని అప్పుడు తేలింది. మన దగ్గర 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోతే, జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక శాసనసభ ముందుకు రావడానికి మూడేళ్లు పట్టింది. తెలంగాణలో విద్యుత్ కొనుగోళ్లపై విచారిస్తున్న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, విచారణ సాగుతుండగానే విలేకరుల సమావేశంలో మాట్లాడినందుకు 2024 జులైలో సుప్రీంకోర్టు అభ్యంతరం చెప్పింది. ఆయన స్థానంలో జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. బయట మాట్లాడటం బహిరంగత కాదు. రెండు పక్షాలూ విని, రికార్డు మీద, అందరి ఎదుట మాట్లాడటమే బహిరంగత. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఘటనపై జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది రాష్ట్రం కాదు, సుప్రీంకోర్టు. పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని ఆ కమిషన్ చెప్పగలిగింది. 2022 మేలో నివేదికను సీల్డ్ కవరులో ఉంచాలన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. ఎవరి మీద విచారణ జరుగుతుందో వారి చేతిలో విచారకుల నియామకం ఉండకూడదన్న సూత్రానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇక పల్లె విచారణ సంగతి. దాని మూలం రాజస్థాన్‌లో ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన సునవాయి జరిపింది. పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్లు సంపాదించి, ఊరి మధ్య పైకి చదివారు. చేయని పనికి కూలి తీసుకున్నట్టు తమ పేర్లు విన్న జనం లేచి నిలబడ్డారు. కాగితం ఇవ్వనిదే ఇది సాగదని తెలిసి ఆ సంఘం సమాచార హక్కు కోసం పోరాడింది. 2005 అక్టోబరు 12న ఆ హక్కు దేశమంతటా చట్టంగా అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశానికి ప్రారంభించారు. పథకం ఇక్కడే పుట్టింది, దాని తనిఖీ కూడా ఇక్కడే ముందుగా పెరిగింది. ఆ ఏడాదే రాజస్థాన్ అనుభవం ఉన్నవారు వచ్చి ఇక్కడివారికి శిక్షణ ఇవ్వగా, అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద కార్యకర్తలు పాదయాత్రగా ఊరూరా తిరిగి రికార్డులు సరిచూశారు. తనిఖీని గ్రామీణాభివృద్ధి శాఖే నెత్తికెత్తుకోవడం ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకత. 2009లో అందుకోసం విడిగా ఒక సంస్థ ఏర్పడింది: సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకత సొసైటీ. పథకం ఖర్చులో అర శాతాన్ని తనిఖీకి కేటాయించే ఏర్పాటు చేశారు. 2011లో కేంద్రం తెచ్చిన తనిఖీ నియమాలు, ఆరు నెలలకు ఒకసారి ప్రతి పంచాయతీలో తనిఖీ జరగాలని, తనిఖీదారులు ఆ పంచాయతీ వాళ్లు కాకూడదని, తనిఖీ విభాగం పని చేయించే శాఖకు లోబడి ఉండకూడదని చెప్పాయి. వీటికి ఆంధ్రప్రదేశ్ అనుభవమే చాలావరకు నమూనా.

తనిఖీ జరిగే తీరును కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే దాని బలమంతా ఆ వివరాల్లోనే ఉంది. మండల పరిషత్ కార్యాలయం నుంచి ఆ కాలపు మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపు రికార్డులు, సామాను బిల్లులు తీసుకుంటారు. కూలి కుటుంబాల నుంచి వచ్చిన, చదువుకున్న యువతీయువకులను వేరే ఊళ్లకు తనిఖీదారులుగా పంపుతారు. వారు ఊళ్లోనే ఉండి, ఇంటింటికీ వెళ్లి జాబ్ కార్డు అడుగుతారు. నీ పేరు మీద ఇన్ని రోజులు పని రాసి ఉంది, నువ్వు పోయింది ఎన్ని రోజులు? ఇంత కూలి పడినట్టుంది, నీ చేతికి ఎంత వచ్చింది? ఆ తర్వాత పని జరిగిన చోటికి పోయి, నీటికుంటో, రాతికట్టో, చెరువు పూడికో టేపు పెట్టి కొలుస్తారు. గోరంట్ల వంటి వలస మండలాలకు ఈ ఇంటింటి ప్రశ్న మరీ ముఖ్యం. బెంగళూరులో కట్టుబడి పనికి పోయిన మనిషి అదే వారం ఊళ్లో కందకం తవ్వినట్టు మస్టరులో ఉంటే, ఏ కార్యాలయంలో ఎంత చదువుకున్న ఆడిటర్ కూర్చున్నా ఆ తప్పు కనిపించదు. సంతకం ఉంది, మొత్తం కూడితే సరిపోతుంది, బిల్లు పాసైంది. అది తప్పని తెలిసినవారు పక్కింటివాళ్లే. చనిపోయినవారి పేర్లు, బడి పిల్లల పేర్లు, ఒకే కుంటను రెండుసార్లు రాయడం - ఇవన్నీ ఈ కోవలోవే. తనిఖీ అయ్యాక ఊళ్లో గ్రామసభ పెట్టి దొరికినవి చదువుతారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. ఎంపీడీఓ, ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, కూలి తపాలా ద్వారా పంచిన రోజుల్లో ఆ సిబ్బంది, జిల్లా నుంచి వచ్చిన అధికారి అక్కడ ఉంటారు. ఊరు ఊరుకూ నివేదిక చదువుతారు, కూలి లేచి చెబుతాడు, బాధ్యుడు అక్కడే జవాబు చెప్పాలి. ఎంత రాబట్టాలి, ఎవరిని తప్పించాలి, దేని మీద మళ్లీ విచారణ కావాలి అన్నది ఆ వేదిక మీదే నిర్ణయించి రాస్తారు.

కమిషన్ హాలులో సాక్షి అధికారుల ఎదుట ఒంటరిగా నిలబడతాడు. ప్రజావేదికలో అధికారి సాక్షుల మధ్య నిలబడతాడు. విచారణ శాస్త్రానికి అనంతపురం ఇచ్చిన కానుకగా నేను దీన్నే లెక్కిస్తాను. జ్ఞానం ఎక్కడుందో విచారణ అక్కడికి వెళ్లింది. కూలి మాట ప్రభుత్వ రికార్డులో సాక్ష్యంగా నమోదైంది. ఆంధ్రప్రదేశ్ తనిఖీలపై జరిగిన అధ్యయనాలు, మొదటి దఫా తర్వాత కూలీలకు జాబ్ కార్డు గురించీ చెల్లింపు చీటీల గురించీ అవగాహన బాగా పెరిగినట్టు చూపాయి. 1880 నివేదికలో అంకెగా మిగిలిన మనిషి వారసులు, ఆ నేల మీదే, కరువు కూలి లెక్క అడిగారు. అధికారం దగ్గర చేతులు కట్టుకొని నిలబడటం అలవాటు చేసిన సీమలో ఇది ఎంత పెద్ద మార్పో చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఫలితాల గురించే. ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో 2006-10 మధ్య తనిఖీ నివేదికలను వరుస దఫాలుగా పోల్చి చూశారు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా మొత్తం అక్రమాలు తగ్గినట్టు కనిపించలేదు. కూలి దగ్గర తప్పులు కొంత తగ్గితే, సామాను బిల్లుల దగ్గర పెరిగాయి. అంటే తినేవాడు తినడం మానలేదు. కూలీల కంటికి ఆనని చోటికి జరిగాడు. కూలి తనకు రావాల్సిన డబ్బు లెక్క చెప్పగలడుగానీ, సిమెంటు ఎన్ని బస్తాలు పోశారో, కంకర ధర ఎంతో చెప్పలేడు. రాబట్టాల్సిన సొమ్ములో చాలా భాగం రాలేదు కూడా. ఇది తోసేయదగిన అభ్యంతరం కాదు. కానీ దీన్నుంచి తనిఖీ దండగ అనే నిర్ణయానికి రావడం తప్పు. జనం సాక్ష్యం పనిచేసే చోట దొంగతనం తగ్గిందనే ఈ అధ్యయనం చెబుతోంది. పనిచేయని చోట ఏం కావాలో కూడా దాన్నుంచే తెలుస్తుంది: సామాను బిల్లులు సరిచూడటానికి ఇంజనీరింగ్ తెలిసిన, ఆ శాఖకు సంబంధం లేని మనిషి తనిఖీ బృందంలో ఉండాలి, దుకాణాల పేర్లు, ధరలు పంచాయతీ గోడ మీద రాయాలి.

రెండో అభ్యంతరం ఉద్యోగుల వైపు నుంచి వస్తుంది. చిన్నవాడు దొరుకుతాడు, పెద్దవాడు తప్పించుకుంటాడు. నెలకు కొద్ది వేలు తీసుకునే ఫీల్డ్ అసిస్టెంట్‌ను గుంపు మధ్య నిలబెట్టి ఉద్యోగం ఊడగొడతారు, అతనిచేత రాయించినవారు వేదిక మీద కుర్చీలో ఉంటారు అంటారు. ఇందులో న్యాయం ఉంది. ప్రజావేదిక కోర్టు కాదు. అక్కడ కోపం ఉంటుంది, రాజకీయ కక్ష కూడా దూరుతుంది. దీనికి మందు 1952 చట్టంలోనే ఉంది. పేరు చెడే మనిషికి ముందే నోటీసు, పత్రాల నకళ్లు, మాట చెప్పుకొనే సమయం ఇవ్వాలన్న 8బీ సూత్రాన్ని ప్రజావేదికకూ తేవాలి. ఉద్యోగం తీసేసే నిర్ణయం అక్కడి వేడిలో కాకుండా, అక్కడ నమోదైన సాక్ష్యం ఆధారంగా నిర్ణీత రోజుల్లో జరగాలి. పై అధికారి సంతకం ఉన్న ప్రతి బిల్లుకూ ఆ అధికారే వచ్చి జవాబు చెప్పాలి. మూడో అభ్యంతరం భయం: ఫ్యాక్షన్ నడిచిన సీమలో, భూమి ఉన్నవాడి ఎదుట కూలి నోరు విప్పుతాడా? అందరూ విప్పరు. అందుకే తనిఖీదారులు బయటి ఊరివారై ఉండాలన్న నియమం, ఇంటి దగ్గరే వాంగ్మూలం రాసుకోవడం, దాన్ని వేదిక మీద తనిఖీ బృందమే చదవడం పెట్టారు. పది ఇళ్లు ఒకే మాట చెప్పినప్పుడు ఒక్కడి మీద పగ పట్టడం కష్టం.

ఎన్నికలున్నాయి, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) ఉంది, ఇంకా విచారణలెందుకు అని అడిగేవారికి జవాబు క్లుప్తమే. ఓటు ఐదేళ్లకు ఒకసారి వంద విషయాల మీద ఇచ్చే ఒకే ఒక్క సమాధానం; ఫలానా మస్టరులో ఫలానా కూలి ఏమైందో ఓటు తేల్చదు. కాగ్ ఆడిట్ కాగితాన్ని కాగితంతో పోలుస్తుంది. కాగితాన్ని నేలతో, మనిషితో పోల్చే పని మిగిలే ఉంటుంది. 2011 తనిఖీ నియమాలను కేంద్రం కాగ్‌ను సంప్రదించే రూపొందించింది. కాగ్ ఆడిట్‌కూ సామాజిక తనిఖీకీ పోటీ లేదు.

నిజమైన లోపం చివరి అంచెలో ఉంది, అది కమిషన్లకూ ప్రజావేదికకూ ఉమ్మడి లోపం. కమిషన్ నివేదికకు ఆరు నెలల గడువు ఉన్నా, చర్యల పత్రంలో పరిశీలిస్తున్నాం అని రాస్తే చట్టం తృప్తిపడుతుంది. ప్రజావేదిక నిర్ణయాలకు ఆ పాటి గడువు కూడా గట్టిగా లేకపోవడం వల్లే రికవరీలు ఏళ్ల తరబడి దస్త్రాల్లో నిలిచిపోయాయి. ఈ సంగతి గుర్తించే 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సామాజిక తనిఖీ ప్రోత్సాహం, అవినీతి చర్యల నివారణ చట్టం చేసింది; తనిఖీలో తేలిన నేరాలను త్వరగా విచారించే ప్రత్యేక న్యాయస్థానాలు దాని ఉద్దేశం. మేఘాలయ 2017లో ఇంకో అడుగు వేసి, ఉపాధి పనికే పరిమితం చేయకుండా అనేక పథకాలకు సామాజిక తనిఖీని చట్టబద్ధం చేసింది. పథకాల పేర్లు మారతాయి, చట్టాలు మారతాయి. ఏ పథకం వచ్చినా దానిలో నాలుగు సంగతులు ఉన్నాయో లేదో చూడాలి: తనిఖీ సంస్థ డబ్బు పని చేయించే శాఖ దయ మీద ఆధారపడకూడదు, రికార్డులు అడగకముందే బయట పెట్టాలి, విచారణ జనం మధ్య జరగాలి, నిర్ణయించిన ప్రతి చర్య పక్కన ఒక తేదీ, ఒక అధికారి పేరు ఉండి, తర్వాతి ప్రజావేదిక ఆ జాబితా చదవడంతోనే మొదలవ్వాలి. ఈ నాలుగింటిలో చివరిది అతి చవకైనది, అతి తక్కువగా పాటించినది.

ఆ జాబితాను అడిగే హక్కు గోరంట్ల పాఠకుడికి ఇవాళే ఉంది. ప్రజావేదిక నిర్ణయాలు ప్రభుత్వ రికార్డులు. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో నకలు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. మీ ఊరి మీద గత తనిఖీలో ఏం తేలింది, ఎంత రాబట్టమన్నారు, ఎంత రాబట్టారు అని ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి.